ఆడిషన్‌కి ఏ పాట పట్టుకెళ్లాలి?

నేను హైదరాబాద్‌లో మ్యూజికల్ నాటకాల, అంటే పాటలతోనే కథ నడిచే నాటకాల, ఆడిషన్లకి కీబోర్డు వాయిస్తుంటాను. ఆదివారం పొద్దున పదింటికి కూర్చుంటే చీకటి పడేదాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాడుతూనే ఉంటారు, గచ్చిబౌలి నుంచి ఐటీ ఉద్యోగులు, తార్నాక నుంచి కాలేజీ పిల్లలు, సంగీతం టీచర్లు, టీవీ పాటల పోటీల్లో పాడి వచ్చినవాళ్లు. మంచి గొంతు ఉన్నవాళ్లు తమకి సరిపడని పాట తెచ్చుకుని రెండు నిమిషాల్లో వెనక్కి వెళ్లిపోతుంటే నాకు చాలా బాధేస్తుంది. గొంతు సంగతి ఒక్క వారంలో తేలేది కాదు గానీ పాట సంగతి తేలుతుంది, ఆ వారం రోజులు ఏం చెయ్యాలో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ముందు మ్యూజికల్ పాట అంటే ఏంటో చూద్దాం, ఎందుకంటే మనం పాట అనగానే సినిమా పాటే అనుకుంటాం. సినిమాలో పాట వచ్చిందంటే చాలాసార్లు కథ కాసేపు ఆగుతుంది, ఒక పల్లవి, రెండు చరణాలు, రెండో చరణం తీసేసినా కథకి ఏమీ కాదు. పైగా అక్కడ పాడేది ఒకరు, నటించేది ఇంకొకరు. స్టేజీ మీద రెండూ ఒక్కరే చెయ్యాలి, పాట మొదలైనప్పుడు ఏదో తేలక కొట్టుకుంటున్న మనిషి పాట అయ్యేసరికి ఒక నిర్ణయానికి రావాలి, లేదా కనీసం ఎదుటి మనిషిలో ఏదో ఒకటి మారాలి. అమెరికాలో కూడా మొదట్లో ఇలా లేదు, నాటకం మధ్యలో జనానికి నచ్చే పాట ఏదో ఒకటి పెట్టేవాళ్లు. 1927లో వచ్చిన ‘షో బోట్’, తర్వాత 1943లో వచ్చిన ‘ఓక్లహోమా!’ పాటని తెచ్చి కథకి గట్టిగా కట్టేశాయి, రెండింటికీ మాటలు రాసింది ఆస్కార్ హామర్‌స్టీనే.

పద్యనాటకం చూసినవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పడక సీన్ తీసుకోండి, కృష్ణుడు నిద్ర నటించి లేచి దుర్యోధనుణ్ణి చూసి ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎత్తుకుంటాడు. మాటల్లో ఉన్నది క్షేమ సమాచారం, లోపల నడుస్తున్నది యుద్ధానికి ముందు రాజకీయం. ఆ పద్యాన్ని రాగం కోసమే పాడితే కచేరీ అవుతుంది, ఎదుట ఉన్న బావని ఓరకంట చూస్తూ పాడితే నాటకం అవుతుంది. ఆడిషన్‌లో ప్యానెల్, అంటే మనల్ని ఎంచడానికి కూర్చున్నవాళ్లు, వెతికేది ఈ రెండోదాన్ని.

అందుకే పాట ఎంచుకునేటప్పుడు నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటే. పాట మాటల్ని కాగితం మీద రాసుకుని, ట్యూన్ పక్కన పెట్టి, మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఆ మాటలే ఎవరికో చెప్తున్నట్టు పైకి చెప్పండి. ‘మై ఫెయిర్ లేడీ’ 1956 నాటిది, అందులో పూలమ్ముకునే ఎలైజా తనకేం కావాలో పాడుతుంది. దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే, ‘నాకంటూ ఒక గది ఉండాలి, ఈ చలిగాలి తగలకూడదు, ఒక పెద్ద కుర్చీ ఉండాలి, తినడానికి చాక్లెట్లు ఉండాలి, నన్ను చూసుకునే మనిషి ఒకరుండాలి’ అంతే. ఇది చెప్తుంటే మీకు మీ హాస్టల్ గదో, అమీర్‌పేటలో నలుగురితో పంచుకున్న పోర్షనో గుర్తొచ్చి గొంతులో ఏదైనా కదిలిందంటే ఈ పాట మీది. పైకి చెప్తుంటే ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక నోరు తడబడుతోందంటే, ట్యూన్ ఎంత నచ్చినా సరే, దాన్ని ఆడిషన్‌కి తీసుకురాకండి.

ఈ పరీక్ష చెయ్యాలంటే నాటకం కథ తెలిసి ఉండాలి, దీంట్లో మాత్రం బద్ధకం పనికిరాదు. చాలామంది పాటని ప్లేలిస్టులో విని, కథ తెలుసుకోకుండా వచ్చేస్తారు. ‘మై ఫన్నీ వాలెంటైన్’ అనే పాటని జాజ్ గాయకులు లెక్కలేనన్ని సార్లు పాడారు, విడిగా విన్నవాళ్లు అది ప్రేమికుల రోజు పాట అనుకుంటారు. అది 1937 నాటి ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ అనే మ్యూజికల్లోది, అందులో వాలెంటైన్ అనేది ఒక కుర్రాడి పేరు, ఒక అమ్మాయి అతని ఎదురుగా నిలబడి అతని లోపాలన్నీ ఎంచుతూ, అయినా నువ్వు ఇలాగే ఉండు అంటుంది. ఈ సంగతి తెలిశాక పాట మొత్తం మారిపోతుంది కదా? ఎదురుగా ఒక మనిషి వచ్చాడు, కళ్లకి ఎక్కడ చూడాలో తెలిసింది, చేతులకి పని దొరికింది. కనీసం కథ సారాంశం చదవండి, దొరికితే మొత్తం రికార్డింగ్ ఒకసారి వరసగా వినండి, మీ పాటకి ముందు ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండండి. ప్యానెల్ ఆ ఒక్క వాక్యం అడగడం నేను చాలాసార్లు చూశాను.

పాటల్లో రకాలు కూడా తెలిసి ఉంటే వెతకడం తేలిక. నాటకం మొదట్లో ముఖ్యపాత్ర తన కోరిక బయటపెట్టే పాట ఒకటి ఉంటుంది, పైన చెప్పిన ఎలైజా పాట అలాంటిదే. ఆడిషన్‌కి ఈ రకం చాలా బాగా నప్పుతుంది, ఎందుకంటే అప్పటికి ప్రేక్షకులకి కూడా ఆ పాత్ర గురించి పెద్దగా ఏమీ తెలియదు, పాటే పరిచయం చేస్తుంది, మీరు గదిలోకి వచ్చినప్పుడు ప్యానెల్ పరిస్థితి కూడా అదే. నవ్వించే పాటలు ఉంటాయి, గబగబా మాటలు దొర్లిపోయేవి, వీటికి గొంతు కంటే నాలుక కావాలి, టైమింగ్ బాగుండేవాళ్లు మొహమాటం లేకుండా ఇవే తెచ్చుకోవచ్చు. ఇక చివర్లో వచ్చే పెద్ద పాట. ఒకప్పుడు న్యూయార్క్‌లో నాటకశాలలుండే బ్రాడ్‌వేలో నాటకాలు రాత్రి ఎనిమిదిన్నరకి మొదలయ్యేవి, కథ ముగింపు దగ్గర పడి ముఖ్యపాత్ర గుండె పగిలేలా పాడే సమయానికి పదకొండు అయ్యేది, అందుకే ఆ పాటకి పదకొండు గంటల పాట అనే పేరు వచ్చింది. అందరికీ ఈ పాటలే ఇష్టం, కానీ ఆడిషన్‌కి ఇవే అన్నిటికంటే కష్టం. సత్యహరిశ్చంద్ర కాటి సీన్‌లో పద్యం వినగానే మనకి కళ్లు చెమర్చేది ఎందుకు? అప్పటికి ఆ రాజు రాజ్యం పోయి, భార్యాబిడ్డల్ని అమ్ముకుని, కాటికాపరి అయ్యాడు, అదంతా మన కళ్ల ముందే జరిగింది, ఆ బరువంతా పద్యానికి ఎక్కింది. ఆ రెండు గంటలు లేకుండా నేరుగా కాటిలోకి వస్తే ఏడుపు మీకొస్తుంది గానీ చూసేవాళ్లకి రాదు. అలాంటి పాట మీకు ప్రాణం అయితే ఇంట్లో పాడుకోండి, నాటకంలో ఆ పాత్ర వచ్చాక పాడుదురు గాని.

వయసు కూడా చూసుకోవాలి. ‘సెండ్ ఇన్ ద క్లౌన్స్’ అనే పాట ఉంది, స్టీఫెన్ సోండైమ్ రాసిన ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’లోది, 1973. పంతొమ్మిదేళ్ల పిల్లలు ఇది తీసుకొస్తారు, ట్యూన్ తేలిగ్గా ఉందని. ఆ పాత్ర నడివయసు నటి, ఒకప్పుడు తనే వద్దనుకున్న మనిషి ఇప్పుడు చెయ్యిదాటి పోతుంటే కూర్చుని పాడుతుంది. పంతొమ్మిదేళ్లకి అది అర్థం కాదని నేను అనను, కానీ ఆ ముఖంలో పాత్ర కనపడదు, ప్యానెల్ చూస్తున్నది మిమ్మల్ని ఏ పాత్రలో పెట్టొచ్చా అని. ఈ పాట గురించి ఇంకో సంగతి చెప్పాలి, మొదట పాడిన గ్లినిస్ జాన్స్ గొంతు అందంగా ఉండేది కానీ ఎక్కువసేపు ఒక స్వరాన్ని పట్టి నిలబెట్టలేకపోయేది, అందుకని సోండైమ్ చిన్న చిన్న ముక్కలుగా, ప్రశ్నల్లా రాశాడు. అంటే అంతటివాడు కూడా నటి ఊపిరిని చూసుకుని ఆమెకి తగ్గట్టు పాట రాశాడు, మరి మనం మన ఊపిరికి తగ్గట్టు పాట ఎంచుకోవద్దా?

ఇక గొంతు. మనవాళ్లకి తమ శ్రుతి తెలుసు, నాది రెండు, నాది ఐదున్నర అని చెప్తారు. మ్యూజికల్‌కి అది సగం సమాచారమే, ఎందుకంటే ఇక్కడ పాట ఒకే ఆధార షడ్జం, అంటే ఒకే ‘స’, పట్టుకుని నడవదు, మధ్యలో స్కేలు మారిపోవచ్చు, మీకు కావల్సింది మీ కింది హద్దు, పై హద్దు. హార్మోనియం ముందు కూర్చుని, లేకపోతే ఫోన్లో పియానో యాప్ పెట్టుకుని, ఏ స్వరం దాకా మెడ నరాలు బిగుసుకోకుండా పాడగలరో రాసుకోండి, ఒక రోజు కాదు, నాలుగు రోజులు, పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక ఒకసారి. అలసిపోయిన రోజు వచ్చిన పై హద్దే మీ అసలు హద్దు. పాటలో అన్నిటికంటే పై స్వరం దానికి ఒక మెట్టు కిందే ఉండాలి. ఆడిషన్ రోజు టెన్షన్ ఉంటుంది, ఏసీ గదిలో గంటన్నర కూర్చోబెడతారు, జలుబు చేసి ఉండొచ్చు, అప్పుడు కూడా ఆ స్వరం తప్పకుండా రావాలి కదా.

పైస్వరం రావడం ఒక్కటే చాలదు, ఎలా వస్తోందన్నది కూడా ముఖ్యం. 1950ల నాటి పాటలకి కాస్త గుండ్రటి, శాస్త్రీయంగా సాధన చేసిన గొంతు కావాలి. 2003లో వచ్చిన ‘విక్డ్’ లాంటి వాటికి ఛాతీ బలంతో మాట్లాడే గొంతునే పైకి ఎక్కించి పాడాలి, దాన్ని బెల్ట్ అంటారు. మన సంగీతం క్లాసుల్లో పైస్థాయిలో దొంగ గొంతు వద్దని చెప్తారు, ఇక్కడ మాత్రం పాతకాలం పాటలకి తల గొంతు, అంటే తలలో మోగినట్టు తేలిగ్గా తీసే పైగొంతు, తప్పు కాదు, అడిగేదే అది. మీరు ఆడిషన్ ఇస్తున్న నాటకం ఏ కాలానిదో, ఏ తీరుదో చూసి దానికి దగ్గరగా ఉన్న పాట ఎంచుకోండి, ప్రకటనలో అదే నాటకంలోని పాట అడిగితే తప్ప దాన్నే పాడొద్దు, ఎందుకంటే డైరెక్టర్ మనసులో ఆ పాట ఎలా ఉండాలో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది. ప్రపంచమంతా పాడే పాటలు కూడా వద్దు, ‘విక్డ్’లోని ‘డిఫైయింగ్ గ్రావిటీ’, ‘లే మిజరాబ్ల్’లోని ‘ఆన్ మై ఓన్’ లాంటివి ఒకే రోజు ఎన్నోసార్లు వాయించాల్సి వస్తుంది నాకు, మీరు బాగా పాడినా పోలిక తప్పదు. అలాంటి పాట ఉన్న నాటకంలోనే పక్కపాత్ర పాట ఒకటి వెతకండి, లేదా అదే సంగీత దర్శకుడి ఇంకో నాటకం చూడండి.

పదహారు బార్ల గొడవ చాలామందికి అర్థం కాదు. బార్ అంటే దెబ్బల లెక్కన పాటని విడగొట్టిన ఒక చిన్న ముక్క. ప్రకటనలో పదహారు బార్లు పాడండి అని ఉంటే, నాలుగు దెబ్బల బార్ అనుకుంటే అరవై నాలుగు దెబ్బలు, మన ఆది తాళంలో ఎనిమిది ఆవర్తనాలు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో అది 32 సెకన్లు, 60 వేగంలో 64 సెకన్లు. ఇంత చిన్న చోట ఏం పాడాలి? పాతకాలం పాటలు ఎక్కువగా 32 బార్లలో ఉంటాయి, ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు, మొదటి రెండూ ఒకే ట్యూను, మూడోది వేరే, నాలుగోది మళ్లీ మొదటి ట్యూను. ఆ మూడో ముక్కలోనే పాత్ర మనసు తిరుగుతుంది, కాబట్టి మూడు, నాలుగు కలిపి తీసుకుంటే సరిగ్గా పదహారు బార్లు, మలుపూ ఉంటుంది, ముగింపూ ఉంటుంది. కొత్త పాటలకి ఈ లెక్క కుదరదు, అక్కడ మీరే వెతుక్కోవాలి, కానీ కొలత మారదు, ఎక్కడ మొదలైనా ఒక పూర్తి ఆలోచన మొదలవ్వాలి, ఎక్కడ ఆపినా అది పూర్తవ్వాలి. పై స్వరం ఉందని చివరి ఎనిమిది బార్లు మాత్రం కత్తిరించి తెచ్చుకుంటే, వాక్యం సగం నుంచి విన్నట్టు ఉంటుంది.

మన దగ్గర నుంచి వచ్చేవాళ్లలో నేను పదే పదే గమనించిన రెండు మూడు విషయాలు చెప్పాలి. తెలుగు అజంత భాష, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి పాడేటప్పుడు చివర సాగదీసుకోవడానికి మనకి చాలాసార్లు ఒక అచ్చు దొరుకుతుంది. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతో ఆగిపోతుంది. మనం ‘నైట్’ని ‘నైటు’ చేస్తాం, లేకపోతే చివరి ‘ట్’ని మింగేస్తాం, రెండిట్లో ఏది చేసినా మాట అర్థం కాదు, మాట అర్థం కాకపోతే ఇక్కడ పాటే లేదు. మాట మధ్యలో ఉన్న అచ్చు మీదే స్వరాన్ని నిలబెట్టి, చివరి హల్లుని శుభ్రంగా మూసెయ్యడం రోజూ పది నిమిషాలు సాధన చెయ్యండి. రెండోది గమకం. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు తిన్నగా ఉండాల్సిన స్వరాన్ని తెలియకుండానే ఊపుతారు, రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది. మీ సంగీతం మీకు బలమే, స్వరజ్ఞానం, తాళం, ఊపిరి అన్నీ దాన్నుంచి వచ్చినవే, ఈ ఒక్క పాటలో మాత్రం స్వరాన్ని తిన్నగా వదలండి. మూడోది ఒన్స్‌మోర్ అలవాటు, అంటే పద్యం చివర్లో రాగం తీసి చప్పట్లు రాబట్టడం. నాటక పరిషత్తు పోటీల్లో అది అందం, ఆడిషన్‌లో ఆ ఆలాపన మొత్తం మీ పదహారు బార్లని తినేస్తుంది.

తెలుగు మ్యూజికల్‌కో, పద్యాలున్న నాటకానికో వెళ్తుంటే ఇవే పద్ధతులు, కాస్త మార్చుకోవాలి. పద్యం ఎంచుకుంటే పదవిభాగం ఎక్కడో చూసుకుని అక్కడే ఊపిరి తీసుకోండి, యతి దగ్గర పాదాన్ని విరిచేసి అర్థం చెడగొట్టొద్దు. నాలుగు పాదాలూ ఒకే బలంతో పాడొద్దు, ఏ పాదంలో పాత్ర అసలు మాట చెప్తోందో దానికోసం మిగతా మూడింట్లో బలం దాచుకోండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనో రవీంద్రభారతిలోనో సురభి వాళ్ల నాటకం ఉందని తెలిస్తే తప్పకుండా వెళ్లి కూర్చోండి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు మాటల్లోంచి పాటలోకి ఎలా జారుకుంటారో చూస్తే, నేను ఇక్కడ రాసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

కాగితాల సంగతి నాకు మరీ ముఖ్యం, వాయించేది నేను కాబట్టి. పాట స్వరాలు రాసిన నొటేషన్ ఉంటే ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి, పేజీలు పక్కపక్కనే అంటించండి, ఫోన్ స్క్రీన్ చూపించి వాయించమనకండి. మీరు పాడే స్కేలులోనే ప్రింట్ ఉండాలి, అక్కడికక్కడ రెండు స్వరాలు కిందకి దించి వాయించమంటే నా తప్పు మీ మీద పడుతుంది. మొదలు ఎక్కడ, ఆపేది ఎక్కడ, మధ్యలో ఏం వదిలేశారు, పెన్నుతో పెద్దగా గీయండి. వేగం చెప్పడానికి చిటికెలు వెయ్యకండి, పక్కకి వచ్చి మొదటి లైను చిన్నగా పాడండి, నాకు వేగంతో పాటు మీ ఊపిరి కూడా అర్థమవుతుంది.

ట్రాక్ మీద, అంటే ముందే రికార్డు చేసిన సంగీతం మీద, పాడేవాళ్లు ఇక్కడ ఎక్కువ, అదేం తప్పు కాదు. ఒకసారి ఒక అమ్మాయి కళ్లు మూసుకుని పాత్రలోకి వెళ్లి నిలబడింది, ఫోన్లో ట్రాక్‌కి బదులు ఏదో ప్రకటన మోగింది, పాపం తర్వాత ఎంత ప్రయత్నించినా ఆ అమ్మాయి మళ్లీ ఆ స్థితికి రాలేదు. అందుకే ట్రాక్ ఫోన్లోకి దించుకోండి, పెద్ద ఇంట్రో ఉంటే కత్తిరించి మీ ఎత్తుగడకి రెండు బార్ల ముందు నుంచి ఉంచుకోండి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. ట్రాక్‌లో వేరేవాళ్ల గొంతు ఉండకూడదు, వెనకాల కోరస్ ఉన్నా ఇబ్బందే.

పాటలు ఎన్ని? నాలుగు చాలు, బాగా వచ్చినవి. నెమ్మదిగా నడిచేది ఒకటి, చురుగ్గా ఉండేది ఒకటి, నవ్వించేది ఒకటి, పాతకాలం తీరులో ఒకటి. అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, ఒక్కోదానికి చిన్న కట్, మొత్తం పాట, రెండూ ఉంచుకోండి, ‘ఇంకేమైనా ఉందా’ అని అడిగినప్పుడు ఆలోచించే పని ఉండదు.

ఆ రోజు ట్రాఫిక్ లెక్క వేసుకుని ముందే బయల్దేరండి, కూకట్‌పల్లి నుంచి బంజారాహిల్స్ రావడానికి ఎంత పడుతుందో మీకే తెలుసు, వీలుంటే మెట్రోలో వచ్చి మిగతాది ఆటోలో రండి, బైక్ మీద దుమ్ములో వచ్చి గొంతు పట్టేసిందని బాధపడినవాళ్లని చాలామందిని చూశాను. పాడే ముందు ఇరానీ చాయ్ మానండి, పాలకి గొంతు జిగటగా అనిపిస్తుంది, గోరువెచ్చని నీళ్లు చాలు. లోపలికి వచ్చాక పేరు, పాట పేరు, ఏ నాటకంలోదో చెప్పండి, అంతే, గొంతు బాలేదని ముందే చెప్పకండి. మైకు ఉండదు, టీవీ పోటీలు అలవాటైనవాళ్లకి కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, ఇంట్లో అద్దం ముందు దాన్ని వదిలించుకుని రండి. ప్యానెల్ కళ్లలోకి చూస్తూ పాడొద్దు, వాళ్లు రాసుకుంటూ ఉంటారు, మీకు పాత్ర చెదిరిపోతుంది, వాళ్ల తలల మీదుగా గోడ మీద ఒక చోట మీరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ మనిషిని నిలబెట్టుకోండి.

పాట అయ్యాక వెంటనే సర్దుకోవద్దు, చివరి స్వరం ఆగాక ఒక ఊపిరి అంత సేపు ఆ మనిషిలాగే ఉండండి. అప్పుడు డైరెక్టర్ ‘అదే పాట, ఈసారి కోపంగా’ అనొచ్చు, ‘ఇప్పుడు ఎదుటివాడు వెళ్లిపోతున్నాడు, ఆపడానికి పాడు’ అనొచ్చు. ఇది విని చాలామంది మొదటిసారి బాలేదేమో అనుకుని ముఖం చిన్నబుచ్చుకుంటారు, నేను చూసినంతలో నచ్చని వాళ్లని ఇంకోసారి పాడమని అడగరు, సమయం ఉండదు. సరే అని, నా వైపు తిరిగి వేగం మారుతుందో లేదో ఒక్కమాట చెప్పి, మళ్లీ మొదటి లైను నుంచి ఎత్తుకోండి.